పాత బ్రిటిష్ లేత్‌కి బోల్టుల వేట: ప్రాజెక్టు డైరీ

యంత్రం 1940ల నాటి బెంచ్ లేత్, అంటే లోహపు కడ్డీని తిప్పుతూ ఉలితో కోసే బల్ల మీది యంత్రం. అన్నీ అంగుళాల కొలతలే. పోత ఇనుము భాగాలకు ఢోకా లేదు. బెడ్ అరుగుదల కూడా సర్దుకోగలిగినంతే. పోయినవల్లా బిగించే సామాను: కొన్ని విరిగాయి, కొన్ని మాయమయ్యాయి, మరికొన్ని చోట్ల చేతికందిన మెట్రిక్ బోల్టును పానాతో బలవంతంగా తిప్పి ఎక్కించారు. ఆ మూడో రకమే అసలు తలనొప్పి. ఖాళీ రంధ్రం మంచిది, తప్పుడు బోల్టు తిన్న రంధ్రం కాదు.

కావలసినవి:

హెడ్‌స్టాక్ (తిరిగే ఇరుసు, అంటే స్పిండిల్, ఉన్న పెట్టె) బేరింగ్ క్యాపుల స్టడ్లు (తల లేకుండా రెండు చివరలా మర ఉన్న బోల్టులు) 4
టూల్‌పోస్టు (ఉలిని పట్టి ఉంచే దిమ్మ) చదరపు తల స్క్రూలు 8
స్లైడుల గిబ్ స్క్రూలు (జారే భాగాల వదులును సర్దే పట్టీని నొక్కేవి), లాక్ నట్లతో సహా 9
నూనె ప్లగ్గులు 3
లీడ్‌స్క్రూ (మర కోసేటప్పుడు ఉలిని నడిపే పొడవాటి మర కడ్డీ) కాలరుకు టేపర్ పిన్ను (ఒక చివరకు సన్నబడేది) 1
కౌంటర్‌షాఫ్టు (మోటారుకూ లేత్‌కూ మధ్య ఇరుసు) ఎడమ చివర నట్టు 1, ఎడమ మర (ఎడమకు తిప్పితే బిగిసేది)

ప్రతి దానికీ కనీసం ఒకటి అదనం. టూల్‌పోస్టు స్క్రూలకు రెండు. ఇలాంటి సామాను మళ్లీ వెతకడం కంటే ఉన్నప్పుడే ఇంకొకటి చేసి పెట్టుకోవడం తేలిక.

కొలతలు

"ఈ బోల్టు ఎక్కడా దొరకడం లేదు" అనే మాట చాలాసార్లు "దీని పేరు మాకు తెలియదు" అన్నదానికి మారుమాటే. అందుకని మొదట కొలత, ఆ తరవాతే వెతుకులాట.

బయటి వ్యాసంతో మొదలుపెడతాం కానీ అక్కడే ఆగకూడదు. వెర్నియర్ చూపించేది ఎప్పుడూ పేరులోని కొలత కంటే పది, పదిహేను వందో వంతులు తక్కువే ఉంటుంది. 9.4 మి.మీ. వచ్చిందంటే అది అరిగిపోయిన ఎం10 (10 మి.మీ. మెట్రిక్ బోల్టు) కాదు, 3/8 అంగుళం (9.525) అయి ఉంటుంది. 9.7 వస్తే ఎం10 అనిపిస్తుంది, కానీ 1/8 బీఎస్‌పీ పైపు త్రెడ్డు (మర) బయటి వ్యాసం 9.73. ఇక్కడ తేల్చేది వ్యాసం కాదు, పిచ్, అంటే ఒక త్రెడ్డు నుంచి పక్క త్రెడ్డుకు ఉన్న దూరం.

పిచ్ గేజీ (పళ్లున్న సన్న రేకుల కట్ట) ఆకును త్రెడ్డులో పెట్టి వెలుగుకు ఎదురుగా పట్టి చూడాలి. మూడు నాలుగు త్రెడ్ల మీద చూస్తే ఏ ఆకైనా సరిపోయినట్టే కనిపిస్తుంది. పది త్రెడ్ల పొడవు మీద చూస్తేనే తేడా బయటపడుతుంది. అంగుళానికి 20 త్రెడ్లంటే పిచ్ 1.27 మి.మీ. ఎం8 పిచ్ 1.25. పది త్రెడ్లకు తేడా 0.2 మి.మీ. అంగుళానికి 16 అంటే 1.5875, ఎం10 పిచ్ 1.5. ఇక్కడ పది త్రెడ్లకు దాదాపు 0.9 మి.మీ. కాబట్టి కంటికే తెలిసిపోతుంది. అంగుళానికి 26 అంటే 0.977. దాన్ని 1.0 అనుకోవడం చాలా సులువు.

మూడోది త్రెడ్డు రెండు పక్కల మధ్య కోణం. పాత బ్రిటిష్ విట్‌వర్త్ కుటుంబం మొత్తం, అంటే ముతక త్రెడ్డు బీఎస్‌డబ్ల్యూ, సన్న త్రెడ్డు బీఎస్ఎఫ్, పైపు త్రెడ్డు బీఎస్‌పీ, 55 డిగ్రీలు. మెట్రిక్, అంగుళాల యూనిఫైడ్ (ముతక యూఎన్‌సీ, సన్న యూఎన్ఎఫ్) 60 డిగ్రీలు. చిన్న స్క్రూలకు వాడే బీఏ 47.5 డిగ్రీలు. ఒకే పిచ్ ఉన్న 55, 60 డిగ్రీల ఆకులు రెండూ దగ్గర పెట్టుకుని ఒకదాని తరవాత ఒకటి పెట్టి చూడాలి. తప్పు ఆకు పెడితే త్రెడ్డు అడుగునో పైనో సన్నటి వెలుగు గీత కనిపిస్తుంది.

బోల్టు లేక రంధ్రమే మిగిలిన చోట అచ్చు తీయాలి. రంధ్రాన్ని కిరసనాయిలుతో కడిగి, ఆరాక, లోపలి వ్యాసానికి కాస్త బిగువుగా ఉండే మెత్తటి చెక్క పుల్లను తిప్పుతూ దించితే త్రెడ్డు గుర్తులు దాని మీద పడతాయి. పిచ్ కొలవడానికి అది చాలు. కోణం కూడా కావాలంటే రెండు భాగాలు కలిపే సిలికాన్ పుట్టీ మేలు. లోపల పలచగా నూనె రాసి నింపాలి. గట్టిపడ్డాక లాగకుండా మర విప్పినట్టు తిప్పి తీయాలి. వేడి జిగురు చల్లారేటప్పుడు కుంచించుకుపోతుంది, దాన్ని నమ్ముకుంటే పిచ్ తక్కువగా చూపిస్తుంది.

దగ్గరి చుట్టాలు, మోసగాళ్లు

జోసెఫ్ విట్‌వర్త్ తన త్రెడ్డు కొలతలను 1841లో ప్రతిపాదించాడు. బ్రిటన్, అమెరికా, కెనడాలు యూనిఫైడ్ త్రెడ్డు మీద ఒప్పందానికి వచ్చింది 1948లో. ఆ మధ్య కాలపు బ్రిటిష్ యంత్రం ఏదైనా ముందు విట్‌వర్త్ అనుకుని మొదలుపెట్టి, కాదని తేలితేనే మిగతా వైపు చూడాలి.

ఎక్కువగా చెడగొట్టేవి ఇవి. 1/4, 5/16, 3/8 కొలతల్లో బీఎస్‌డబ్ల్యూకీ యూఎన్‌సీకీ అంగుళానికి త్రెడ్లు సమానం: 20, 18, 16. ఒకటి రెండోదాంట్లో ఎక్కుతుంది కూడా. కోణం వేరు కాబట్టి త్రెడ్డు పక్కలు నిండుగా ఆనవు, సన్నటి గీత మీదే బరువు పడుతుంది. మూత బిగించే స్క్రూకి పరవాలేదు, బేరింగ్ క్యాపుకి వద్దు. అదే 1/2 అంగుళంలో బీఎస్‌డబ్ల్యూ 12, యూఎన్‌సీ 13. రెండు మూడు చుట్లు తేలిగ్గా వెళ్లి పట్టేస్తుంది. అక్కడ పానా పొడవు పెంచినవాళ్ల వల్లే పోత ఇనుము రంధ్రాలు పోతాయి.

పాత సైకిల్, మోటార్‌సైకిల్ త్రెడ్డు 60 డిగ్రీలు, అంగుళానికి 26. 1/4 బీఎస్ఎఫ్ కూడా 26, కానీ 55 డిగ్రీలు. పాత మోటార్‌సైకిల్ సామాను అమ్మేవాళ్ల దగ్గర 1/4 అడిగితే ఈ రెండూ ఒకే డబ్బాలో కలిసి ఉంటాయి. అలాగే 0బీఏ, ఎం6: రెండింటికీ వ్యాసం 6 మి.మీ., పిచ్ 1 మి.మీ. కోణం ఒక్కటే తేడా. కొలతల కాగితం మీద కోణం గడి ఖాళీగా వదిలేస్తే వచ్చేది ఎం6 మాత్రమే.

పానాల సంగతీ ఇక్కడే చెప్పాలి. విట్‌వర్త్ పానా మీద రాసేది తల వెడల్పు కాదు, బోల్టు వ్యాసం. 5/16 డబ్ల్యూ పానా నోరు 0.600 అంగుళం, అంటే 15.24 మి.మీ. బీఎస్ఎఫ్ బోల్టుకు ఒక సైజు చిన్న తల ఉంటుంది కాబట్టి 3/8 బీఎస్ఎఫ్ నట్టుకు పట్టేది ఈ 5/16 పానాయే. మెట్రిక్‌లో 15 ఎక్కదు, 16 జారి మూలలు తినేస్తుంది. అరిగిన నట్లలో సగం త్రెడ్డు పోయినవి కావు, ఇలా తల పోయినవే.

ఎవరిని అడగాలి, ఎలా అడగాలి

మామూలు హార్డ్‌వేర్ దుకాణంలో "3/8 బోల్టు" అంటే యూఎన్‌సీనో ఎం10నో చేతిలో పెడతారు. వాళ్ల తప్పేమీ లేదు. అడిగే కాగితంలో ఇవన్నీ ఉండాలి: వ్యాసం, అంగుళానికి త్రెడ్లు, త్రెడ్డు రకం పేరు, కుడి మరా ఎడమ మరా, తల ఆకారం, తల వెడల్పు, పొడవు, అందులో త్రెడ్డు ఉన్న పొడవు, బలం గ్రేడు, పూత, ఎన్ని కావాలి. పొడవు తల కింద నుంచి కొలవాలి. పైకి తేలకుండా లోపలికి దిగే తల ఉన్న స్క్రూకి మాత్రం తలతో సహా కొలవాలి. ఆ తల కోణం కూడా రాయాలి: మెట్రిక్, విట్‌వర్త్, బీఏలకు 90 డిగ్రీలు, యూనిఫైడ్‌కు 82.

ఏది ఎక్కడ దొరుకుతుందో వస్తువు పాత వాడకాన్ని బట్టి ఊహించవచ్చు. బీఏ స్క్రూలు చిన్న ఆవిరి ఇంజన్ల నమూనాలు చేసేవాళ్లకు సామాను అమ్మే చోట నేటికీ తాజాగా దొరుకుతాయి. బీఎస్ఎఫ్ పాత కార్లు, మోటార్‌సైకిళ్ల విడిభాగాల వాళ్ల దగ్గర. బీఎస్‌పీ ప్లగ్గులు హైడ్రాలిక్, కంప్రెసర్ ఫిట్టింగుల దుకాణంలో. ఎక్కడా లేనివాటికి బోల్టు వెతకడం మానేసి ట్యాప్ (రంధ్రంలో మర కోసే పనిముట్టు), డై (కడ్డీ మీద మర కోసేది) వెతకాలి. బోల్టు నిల్వ చేసేవాళ్లు తక్కువ, పనిముట్లు చేసేవాళ్లు మాత్రం పాత సైజులు ఇంకా చేస్తూనే ఉన్నారు. ఒక డైతో ఆ సైజు బోల్టులు ఎన్నైనా అవుతాయి.

నూనె ప్లగ్గులు: అయిపోయాయి

అనుకున్నట్టే 1/8 బీఎస్‌పీ, అంగుళానికి 28. పేరులోని 1/8 పైపు లోపలి దారి కొలత, బయటి వ్యాసం కాదు. అందుకే 9.7 మి.మీ. ప్లగ్గును 1/8 అంటే ఎవరూ నమ్మరు. ఫిట్టింగుల దుకాణంలో టేపర్ ప్లగ్గులూ సమాంతర ప్లగ్గులూ రెండూ ఉంటాయి. మన రంధ్రం సమాంతరం కాబట్టి కాలరు ఉన్న సమాంతర ప్లగ్గు, కింద రబ్బరు అతికించిన వాషరు. టేపర్ ప్లగ్గు కూడా పడుతుంది, కానీ నూనె ఆగాలని ఇంకో పావు చుట్టు తిప్పినకొద్దీ అది చీలికలా పనిచేసి పోత ఇనుమును పగలగొడుతుంది. అమెరికన్ పైపు త్రెడ్డు 1/8 అంగుళానికి 27. అది ఇందులో కలవదు.

గిబ్ స్క్రూలు: వచ్చాయి

2బీఏ: వ్యాసం 4.7 మి.మీ., పిచ్ 0.81. ఎం5 పిచ్ 0.8 కాబట్టి రంధ్రంలో ఎం5 ట్యాప్ తిప్పేస్తే పోతుందని చాలామంది అంటారు. అది పనిచేస్తుంది కూడా. పది మి.మీ. లోతులో పిచ్ తేడా 0.12 మి.మీ. మాత్రమే. త్రెడ్డు పూర్తిగా పోయిన రంధ్రానికి మేమూ అదే చేస్తాం. ఇక్కడ తొమ్మిది రంధ్రాల త్రెడ్డూ బాగుంది, స్క్రూలు కొనడానికి దొరుకుతున్నాయి. అలాంటప్పుడు ట్యాప్ ఎందుకు?

పూత లేనివే తెప్పించాం. జింకు పూత మందం 8 మైక్రాన్లే కదా అనిపిస్తుంది, కానీ త్రెడ్డు ఏటవాలు పక్కల మీద అది నాలుగు రెట్లకు మించి పెరుగుతుంది. పిచ్ వ్యాసం 0.04 మి.మీ. దాకా లావవుతుంది. ఇంత చిన్న స్క్రూకి అది బిగుసుకుపోవడానికి సరిపోతుంది. స్టెయిన్‌లెస్ కూడా వద్దనుకున్నాం. రోజూ సర్దే స్క్రూ, స్టెయిన్‌లెస్ నట్టుతో కలిస్తే ఒకనాడు అతుక్కుపోతుంది. స్క్రూ మొనను త్రెడ్డు అడుగు వ్యాసం కంటే సన్నగా, 3.5 మి.మీ.కి టర్న్ చేసి అంచు గుండ్రం చేశాం. లేకపోతే గిబ్ పట్టీ మీద గుంటలు పడి, సర్దిన ప్రతిసారీ స్క్రూ పాత గుంటలోకే జారుతుంది.

స్టడ్లు: మనమే చేశాం

బేరింగ్ క్యాపు స్టడ్లకు రెండు చివరలా రెండు రకాల త్రెడ్లు. పోత ఇనుములోకి దిగే వైపు 3/8 బీఎస్‌డబ్ల్యూ, అంగుళానికి 16. నట్టు వైపు 3/8 బీఎస్ఎఫ్, అంగుళానికి 20. పోత ఇనుము పెళుసు కాబట్టి అక్కడ ముతక త్రెడ్డు నిలుస్తుంది, నట్టు వైపు సన్న త్రెడ్డు వదులవకుండా పట్టి ఉంచుతుంది. ఈ జంట తయారుగా ఎక్కడా దొరకలేదు. రెండు వైపులా ముతక త్రెడ్డు ఉన్నవి దొరికాయి గానీ అవి వేస్తే నట్లూ మార్చాలి.

ముడి సరుకుగా ఎం10×120, 8.8 గ్రేడు బోల్టులు తీసుకున్నాం. సగం త్రెడ్డు రకం ఈ పొడవు బోల్టుకు 26 మి.మీ. మాత్రమే త్రెడ్డు ఉంటుంది, మిగతా 94 మి.మీ. సాదా కడ్డీ. తలా త్రెడ్డూ కోసేస్తే బలం ఎంతో తెలిసిన కడ్డీ చేతికొస్తుంది: తన్యత బలం 800, లొంగే బలం 640 మెగాపాస్కల్స్. గ్రేడు తెలియని నల్ల కడ్డీ కంటే ఇది ఎంతో నయం. స్టడ్డు పొడవు 75 కాబట్టి ఒక బోల్టుకు ఒకటి, మొత్తం అయిదు.

వేరే లేత్ మీద 9.5 మి.మీ.కి టర్న్ చేశాం. త్రెడ్డు లోతు పిచ్‌కి 0.6403 రెట్లు: 20 త్రెడ్ల వైపు 0.813 మి.మీ., 16 త్రెడ్ల వైపు 1.016. కాంపౌండ్ స్లైడును (ఉలి కింద వాలుగా తిప్పగలిగే చిన్న స్లైడు) 27.5 డిగ్రీలకు తిప్పి కోస్తే ఉలి ఒక పక్కే కోస్తుంది, చిరుగులు రావు. కానీ ఆ వాలులో స్లైడు ప్రయాణం లోతు కంటే ఎక్కువ, 0.813కి 0.917 వెళ్లాలి. లీడ్‌స్క్రూ 3 మి.మీ. పిచ్ ఉన్న మెట్రిక్ లేత్‌లో 1.27 కోయాలంటే 127 పళ్ల గేరు ఉంటే కచ్చితం. లేకపోతే 80/63 జతను 1/3 నిష్పత్తితో కలిపితే 1.26984 వస్తుంది. నట్టు పొడవులో ఆ తేడా లెక్కలోకి రాదు.

ఎనభై శాతం లోతు దాకా ఉలితో, చివరి కోత డైతో. ముందు నుంచీ డైతో కోస్తే త్రెడ్డు వంకరగా మొదలవుతుంది. ఉలి ఒక్కదానితోనే అయితే విట్‌వర్త్ గుండ్రటి శిఖరం రాదు. పరీక్షకు మూడు వైర్ల పద్ధతి (త్రెడ్ల గాళ్లలో సన్న తీగలు పెట్టి వాటి మీద నుంచి కొలవడం): 20 త్రెడ్లకు 0.7 మి.మీ. వైర్లు పెడితే మైక్రోమీటరు 9.71 దగ్గర చూపించాలి. నట్టు వదులుగా తిరుగుతోంది కదా అని కొలత మానేయకూడదు. నట్టు అరిగినదైతే అది చెప్పేదంతా అబద్ధమే.

పోత ఇనుములోకి 14 మి.మీ. దించాం, అంటే వ్యాసానికి ఒకటిన్నర రెట్లు. స్టడ్డు రంధ్రం అడుగును తాకకుండా 2 మి.మీ. ఖాళీ. అడుగు తాకేలా బిగించిన స్టడ్డు రంధ్రం గోడను పైకి ఉబ్బిస్తుంది, క్యాపు సరిగ్గా కూర్చోదు.

టూల్‌పోస్టు స్క్రూలు

5/16 బీఎస్ఎఫ్, అంగుళానికి 22. ఎం8 అయితే 7.94కి 8.0, దాదాపు ఒకటే కదా, మళ్లీ ట్యాప్ చేస్తే పోదా? పోదు. పిచ్ 1.15 ఉన్న చోట 1.25 కోస్తే పాత త్రెడ్డునూ కొత్తదాన్నీ రెంటినీ చెడగొట్టినట్టే. మార్చాలనుకుంటే నేరుగా ఎం10కి వెళ్లాలి. దానికి వేసే 8.5 మి.మీ. డ్రిల్లు పాత త్రెడ్డును పూర్తిగా తుడిచేస్తుంది. ఇక్కడ టూల్‌పోస్టు గోడ అంత మందం లేదు, అందుకే 5/16 తోనే ఉన్నాం.

10 మి.మీ. చదరపు ఈఎన్8 (మధ్యస్థ కార్బన్ ఉక్కు) కడ్డీ. మూడు దవడల చక్‌లో (లేత్ మీద కడ్డీని పట్టి తిప్పే భాగం) పట్టడానికి 14.2 మి.మీ. రంధ్రం వేసి పక్కన చీల్చిన గుండ్రటి బుష్. తల 10 చదరంగానే వదిలేశాం, పాత పానా పట్టదు కానీ కొత్తది చేసుకోవడం పెద్ద పని కాదు. అసలు జాగ్రత్త మొనలో ఉంది. చివరి 5 మి.మీ.ని 6.0కి తగ్గించాం. త్రెడ్డు అడుగు వ్యాసం 6.46. ఉలి మీద నొక్కీ నొక్కీ మొన పుట్టగొడుగులా విచ్చుకుంటుంది. విచ్చుకున్నా 6.46 దాటకపోతే స్క్రూ బయటికి వస్తుంది. దాటితే వస్తూ వస్తూ టూల్‌పోస్టు త్రెడ్డును తోడుకుని వస్తుంది. పాతవి పోయింది ఇలాగే.

మొనను మాత్రమే 850 డిగ్రీల దాకా, చెర్రీ ఎరుపు వచ్చేలా, కాల్చి నూనెలో ముంచాం. తరవాత గోధుమ రంగు తేలేదాకా, అంటే 250 డిగ్రీల దగ్గర, మళ్లీ వేడి చేశాం. స్క్రూ మొత్తం గట్టిపరిస్తే త్రెడ్డు దగ్గర పుటుక్కున విరుగుతుంది. జింకు పూత ఇక్కడ అసలు వద్దు. గట్టిపరిచిన ఉక్కులోకి పూత తొట్టిలో హైడ్రోజన్ దూరి, బిగించిన కొన్ని గంటలకో రోజులకో స్క్రూ దానంతటదే పగలవచ్చు. వేడిగా ఉన్నప్పుడే నూనెలో వేస్తే వచ్చే నల్లదనం చాలు.

ఎడమ మర నట్టు

1/2 బీఎస్ఎఫ్, అంగుళానికి 16, ఎడమ మర. ఈ సైజు ఎడమ ట్యాప్ దొరికేలోపు కోసేయవచ్చని తేల్చుకున్నాం. తల వెడల్పు 0.820 అంగుళం, 20.8 మి.మీ. మూల నుంచి మూలకు 24.05 వస్తుంది కాబట్టి 25 మి.మీ. గుండ్రటి కడ్డీ. రంధ్రం 10.7. ఉలిని రంధ్రం వెనక చివర దాటించి పెట్టి, స్పిండిల్ మామూలుగానే తిప్పుతూ, క్యారేజీ (ఉలిని మోసే బండి) బయటికి వచ్చేలా గేర్లు మార్చాలి. ఉలి లోపలి నుంచి బయటికి కోస్తుంది కాబట్టి చక్‌కి తగిలే భయం లేదు. గేజీగా షాఫ్టునే వాడాలి. దాని త్రెడ్డును ముందు ఇత్తడి బ్రష్‌తో రుద్ది శుభ్రం చేయకపోతే తుప్పు మందానికి నట్టు వదులుగా కోస్తారు. ఆరు ముఖాలు చివర్లో మిల్ చేశాం. త్రెడ్డు సరిగ్గా రాకపోతే ముఖాల పని వృథా కాకుండా.

టేపర్ పిన్ను

అంగుళాల పిన్ను వాలు 48కి 1, మెట్రిక్ పిన్ను 50కి 1. అంగుళాల నంబరు లావు చివరను చెబుతుంది, మెట్రిక్ పేరు సన్న చివరను. పాతది 2వ నంబరు, లావు చివర 0.193 అంగుళం. దాని బదులు మెట్రిక్ పిన్ను కొడితే 40 మి.మీ. పొడవులో 0.033 మి.మీ. తేడా వచ్చి సన్న చివర మాత్రమే పడుతుంది, లావు చివర ఊగుతుంది. సుత్తి దెబ్బకు బిగువుగానే అనిపిస్తుంది, లీడ్‌స్క్రూ రెండు వైపులా తిరిగే కొద్దీ రంధ్రం కోడిగుడ్డు ఆకారంలో సాగుతుంది.

రంధ్రం అప్పటికే సాగి ఉంది. అందుకని 3వ నంబరు (0.219) పిన్ను, దానికి సరిపడే 48కి 1 రీమరు (రంధ్రాన్ని ఆ వాలుకు నునుపుగా కోసే పనిముట్టు) తెప్పించాం. కాలరునూ షాఫ్టునూ కలిపి బిగించి ఒకేసారి రీమ్ చేయాలి, విడివిడిగా చేస్తే రెండు వాలులూ ఒక గీతలో ఉండవు. రీమరును చేత్తోనే, నూనెతో, వెనక్కి తిప్పకుండా నడపాలి. పిన్ను వేలితో నొక్కితే 3 మి.మీ. బయట ఉండాలి, అప్పుడు రెండు దెబ్బలకు సరిగ్గా దిగుతుంది. కాలరు మీద సన్న చివర పక్కన పంచ్‌తో చుక్క పెట్టాం. పిన్ను తీయాల్సి వస్తే కొట్టాల్సింది ఆ చుక్క వైపు నుంచే.